వరలక్ష్మీ వ్రతం కంగారు లేకుండా ఎలా చేసుకోవాలి: మా బెజవాడ ఇంటి పద్ధతి

పెళ్లయ్యాక వచ్చిన మొదటి శ్రావణంలో, వ్రతం రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి నేను ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాను. తెల్లవారుజామున మూడింటికి లేచాను. తొమ్మిది రకాలు నేనే చెయ్యాలని పట్టుబట్టాను. పూజకు కూర్చునేసరికి కళ్లు తిరుగుతున్నాయి. కథ ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియలేదు. సాయంత్రం పేరంటానికి ఒక్కరినీ పిలవలేకపోయాను. మా అత్తగారు పగలంతా ఏమీ అనలేదు. రాత్రి నా పక్కన కూర్చుని, "అమ్మవారు ఇంటికొచ్చారమ్మా, నీకే ఆవిడ దగ్గర కూర్చునే తీరిక లేకపోయింది" అన్నారు.

ఆ మాట నాకు బాగా తగిలింది. మరుసటి ఏడు నుంచి పనిని వారం మీద పంచుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా మా ఇంట్లో కథ పూర్తవుతుంది, సాయంత్రం ఇరవై మంది పేరంటాళ్లు వస్తారు. ఈ ఏడు మొదటిసారి సొంతంగా చేసుకోబోతున్న వాళ్ల కోసం, ముఖ్యంగా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లు దగ్గర లేకుండా ఉంటున్న వాళ్ల కోసం, ఆ పద్ధతి ఇక్కడ చెబుతున్నాను. మీ ఇంటి ఆనవాయితీ వేరే ఉంటే అదే పాటించండి. ఆనవాయితీ ముందు, నా మాట తర్వాత.

ముందుగా వ్రతం ఏ రోజో చూసుకోండి

"శ్రావణంలో రెండో శుక్రవారం" అని అందరం అంటాం కానీ అసలు లెక్క అది కాదు. శ్రావణ పూర్ణిమకు ముందు వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. చాలా ఏళ్లు అది రెండో శుక్రవారమే అవుతుంది. 2024లో ఆగస్టు 16న వచ్చింది, అది రెండోదే. 2025లో మాత్రం శ్రావణం శుక్రవారంతోనే మొదలైంది కాబట్టి ఆగస్టు 8 మూడో శుక్రవారం అయింది. వేళ్ల మీద లెక్కపెట్టుకోకుండా పంచాంగమో క్యాలెండరో చూడండి.

ఆ రోజు నెలసరి వచ్చినా, ఇంట్లో మైల ఉన్నా, ఒంట్లో బాగా లేకపోయినా టెన్షన్ పడకండి. శ్రావణంలో మిగిలిన శుక్రవారాల్లో ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. ఎప్పటినుంచో మన వైపు ఇలాగే చేస్తున్నారు.

ఇంట్లో చేసుకునే వీలు లేని వాళ్లు ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడిలో జరిగే సామూహిక వ్రతాల్లో కూర్చోవచ్చు. వివరాలు దేవస్థానం వాళ్లు ముందే ప్రకటిస్తారు, శ్రావణం మొదట్లోనే కనుక్కోండి. వ్రతం రోజు అమ్మవారిని వరలక్ష్మిగా అలంకరిస్తారు, ఆ దర్శనానికి జనం విపరీతంగా వస్తారు. ఇంట్లో పూజ పెట్టుకుని అదే రోజు కొండ కూడా ఎక్కాలని మాత్రం అనుకోకండి. రెండూ సగం సగం అవుతాయి.

సోమ, మంగళవారాలు: ఉన్నవేవో తీసి చూడండి

కొనే ముందు ఇంట్లో ఏముందో చూడండి. కలశానికి చెంబు, కలశానికి కట్టే అమ్మవారి ముఖం, రూపు (లక్ష్మీదేవి బొమ్మ ఉన్న చిన్న బిళ్ల), కుందులు, పళ్లాలు, పీట, హారతి పళ్లెం, గంట. ఇత్తడివి, రాగివి చింతపండుతో తోమి, వెండివి విభూతితో రుద్ది, తడి లేకుండా తుడిచి ఒక గుడ్డలో కట్టి పెట్టండి. ఈ పని గురువారానికి ఉంచుకుంటే నడుం అక్కడే పడిపోతుంది.

రూపు గురించి ఒక మాట. ఏడాదికో కొత్త లక్ష్మీ రూపు కొని పూజలో పెట్టాలని కొందరి ఇళ్లలో ఉంది. కొనగలిగితే మంచిదే. బంగారం ధర ఇలా ఉన్న రోజుల్లో అప్పు చేసి, చీటీ పాడి, ఇంట్లో గొడవపడి కొనాల్సిన పని లేదు. పాత రూపునే పాలతో, నీళ్లతో కడిగి పెట్టుకోవచ్చు. అదీ లేకపోతే వెండి కాసు, అది కూడా లేకపోతే రూపాయి బిళ్ల. వ్రతకల్పంలో, అంటే పూజా విధానం ఉండే పుస్తకంలో, వాయనం గురించి చెప్పేచోట "స్వశక్తితః" అనే మాట ఉంటుంది. అంటే ఎవరి శక్తి కొద్దీ వాళ్లు. ఈ వ్రతం మొత్తానికి ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు అనిపిస్తుంది నాకు.

పసుపు కొత్తది తీసుకోండి. మనకు దుగ్గిరాల దగ్గరే ఉంది, పసుపు కొమ్ములకు పేరున్న మార్కెట్ అది. కొమ్ములు తెచ్చి మరలో పట్టించుకుంటే ఆ వాసన, ఆ రంగు వేరు. కలశం మీద కొబ్బరికాయకు రాసినప్పుడు తేడా మీకే కనిపిస్తుంది.

బుధవారం: బజారు పని

పూలు తప్ప మిగతావన్నీ బుధవారం తెచ్చేసుకోండి. గురువారం సాయంత్రం వన్‌టౌన్‌లో అడుగు తీసి అడుగు వేయలేం. పూజా సామాగ్రి, తమలపాకులు, వక్కలు, పండ్లు కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల అన్నీ దొరుకుతాయి. జాకెట్ ముక్కలు పదో పదిహేనో అయితే పక్క వీధి కొట్టు చాలు. ముప్పై నలభై కావాలంటే టోకు బట్టల కొట్లుండే వస్త్రలతకు వెళ్లడమే మేలు. గాజులకు బీసెంట్ రోడ్డు. గుంటూరు వాళ్లకు పట్నం బజారు ఉండనే ఉంది.

జాకెట్ ముక్కల విషయంలో నాదొక కోరిక. పలుచటి, కుట్టించుకోవడానికి పనికిరాని గుడ్డలు ఇరవై కొనే బదులు మంచివి పది కొనండి. ఆ పలుచటి ముక్కలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వాయనంగా తిరుగుతూనే ఉంటాయి, ఎవరూ కుట్టించుకోరు. మిగతా పదిమందికి గాజులు, పసుపు కుంకుమలు, శనగలు ఇవ్వండి. మంగళగిరి నూలు ముక్క ఇస్తే పుచ్చుకున్నావిడ నిజంగా తొడుక్కుంటుంది.

శనగల లెక్క: ఒక్కొక్కరికి గుప్పెడు చొప్పున ఇరవై మందికి ముప్పావు కిలో ఎండు శనగలు సరిపోతాయి. నానితే రెండింతలకు దగ్గరగా బరువు వస్తాయి. అరటిపండ్లు మనిషికి రెండు. తమలపాకులు మనిషికి రెండో మూడో, అమ్మవారి తాంబూలానికి, పూజకు విడిగా ఇంకో పాతిక. కొబ్బరికాయలు మూడు: కలశానికి ఒకటి, కొట్టడానికి ఒకటి, కుళ్లిపోతే మార్చడానికి ఒకటి.

కలశం కాయను మాత్రం మీరే ఎంచుకోండి. ఇంటి నుంచి చెంబు సంచిలో వేసుకుని వెళ్లి, కాయను కొట్టు దగ్గరే దాని మూతి మీద పెట్టి చూడండి. మూడో వంతు లోపలికి దిగి కదలకుండా కూర్చోవాలి. పైనే ఆగిపోతే అమ్మవారి ముఖం బరువుకు ముందుకు వాలిపోతుంది. పిలక ఉన్న కాయ, ఊపితే నీళ్లు నిండుగా పలికే కాయ తీసుకోండి.

గురువారం: ముప్పాతిక పని ఇవాళే

పూలు గురువారం తెల్లవారుజామున రాజీవ్‌గాంధీ పూల మార్కెట్‌లో తీసుకుంటే తాజావి దొరుకుతాయి. సాయంత్రానికి ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. చామంతులు అరకిలో, విడి గులాబీలు పావుకిలో, కనకాంబరాలో మల్లెలో నాలుగు మూరలు, దొరికితే తామర పూలు రెండు. చిన్న పూజకు ఇవి చాలు. తామర పూలను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. చామంతులను ప్లాస్టిక్ కవర్లో ఉంచకండి, రాత్రికే మగ్గిపోతాయి. పేపరు మీద పరిచి పైన తడిగుడ్డ కప్పండి.

ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టండి. ఫ్లాట్లలో చాలామందికి గడపే ఉండదు, తలుపు కింద ఒక గ్రానైట్ పలక ఉంటుంది. దానికే రాయండి. ముగ్గు స్టిక్కర్ బదులు బియ్యప్పిండి తడిపి చిన్న పద్మం వేయండి. నాలుగు గీతలైనా సరే, మీ చేత్తో వేసింది కావాలి.

తోరాలు, అంటే పూజయ్యాక చేతికి కట్టుకునే పసుపు దారాలు, ఈ సాయంత్రమే కట్టేయండి. తెల్లని నూలు దారం తొమ్మిది పోగులు కలిపి, మణికట్టుకు చుట్టి ముడి వేయడానికి సరిపడా జానెడున్నర పొడవు తీసుకోండి. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, తొమ్మిది ముడులు వేయండి. మధ్య ముడిలో ఒక పువ్వు శుక్రవారం పొద్దున పెట్టుకోవచ్చు. అమ్మవారికి ఒకటి, మీకు ఒకటి, ఇంట్లో ఆడవాళ్లకు తలా ఒకటి, పైన రెండు. తోరం మర్చిపోయి వచ్చే చుట్టం ప్రతి ఏడూ ఒకరుంటారు.

రాత్రి పడుకునే ముందు మూడు నానబెట్టండి: వాయనం శనగలు, వంటకు శనగపప్పు, పూర్ణాల పైపిండికి మినప్పప్పు బియ్యం. పులిహోరకు చింతపండు గుజ్జు ఉడికించి ఉంచుకోండి. శుక్రవారం ఉదయం అన్నం వండి కలపడమే మిగులుతుంది.

కలశం నిలబెట్టడం

ఇది రాత్రే చేసి పెట్టుకోండి. ఆవాహన, అంటే అమ్మవారిని కలశంలోకి పిలవడం, పొద్దున చేస్తారు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తూర్పు గోడకో ఉత్తరం గోడకో దగ్గరగా, ఫ్యాన్ గాలి సూటిగా తగలని చోట పీట వేయండి. పీట మీద బియ్యప్పిండితో ఎనిమిది రేకుల పద్మం ముగ్గు వేసి, కొత్త గుడ్డ పరచండి. అమ్మవారు ఎత్తుగా కనబడాలంటే ఒక స్టీలు డబ్బా నిండా బియ్యం పోసి మూత పెట్టి దాని మీద పళ్లెం ఉంచండి. ఖాళీ డబ్బా వాడకండి. చీర కట్టేటప్పుడు అటూ ఇటూ ఒరుగుతుంది, ఒకసారి నాకు అలా జరిగి మళ్లీ మొదటి నుంచీ కట్టుకోవాల్సి వచ్చింది.

పళ్లెంలో మూడు గుప్పిళ్ల బియ్యం పోసి మధ్యలో చెంబు కుదురుగా పెట్టండి. చెంబులో కొందరు నీళ్లు పోస్తారు, కొందరు బియ్యం. మా ఇంట్లో బియ్యం. మీ అత్తగారినో అమ్మనో అడిగి మీ ఇంటి పద్ధతి తెలుసుకోండి. అందులో పసుపు కొమ్ము, వక్క, ఎండు ఖర్జూరం, రూపాయి బిళ్ల వేయండి. మూతి చుట్టూ మామిడాకులు అయిదు, కొసలు బయటికి వచ్చేలా. కల్పంలో పంచపల్లవాలు అని ఉంటుంది, అంటే మామిడి, మర్రి, రావి, జువ్వి, మేడి చిగుళ్లు. అయిదూ దొరకడం టౌన్‌లో కష్టం, మామిడాకులే పెట్టుకుంటాం.

కొబ్బరికాయ పీచు పిలక తప్ప శుభ్రంగా తీసేయండి. పసుపును గట్టి ముద్దలా కలిపి పట్టించండి. నీళ్లు ఎక్కువైతే జారిపోతుంది. అరగంట ఆరాక కుంకుమ బొట్లు పెట్టి ముఖం కట్టండి. దారాన్ని ముఖం వెనక ఉన్న రంధ్రాల్లోంచి తీసి కాయ వెనక గట్టిగా రెండు చుట్లు తిప్పండి. ముఖం లేకపోతే ఏం లోటు లేదు. పసుపు పూసిన కాయ మీదే కాటుకతో కళ్లు, కుంకుమతో పెదవులు దిద్దండి. మా అమ్మమ్మ ఎప్పుడూ అలాగే చేసేది. ఆ కళ్లు దిద్దినప్పుడు మాలో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు.

చీర కట్టడానికి పొడవాటి చీరను అడ్డంగా సగానికి మడవండి. అప్పుడు ఎత్తు మూరెడు పైచిలుకు వస్తుంది. ఒక కొస నుంచి నాలుగు వేళ్ల వెడల్పున కుచ్చిళ్లు పెట్టుకుంటూ పోండి. చివరి గజం పైటకు వదలండి. కుచ్చిళ్ల పైఅంచును పిన్నులతో కలిపి, చెంబు మెడకు నాడాతో బిగించి కట్టండి. కింద కుచ్చిళ్లను విసనకర్రలా పరచండి. వదిలిన పైటను వెనక నుంచి ఎడమ భుజం మీదుగా ముందుకు తెచ్చి పిన్ను పెట్టండి. భుజాలు కావాలంటే చెంబు మెడ వెనక ఒక చిన్న స్కేలును అడ్డంగా కట్టండి. మంగళగిరి చీరలకు కుచ్చిళ్లు చక్కగా నిలబడతాయి. ఆ ఊళ్లో నరసింహస్వామి పక్కన కొలువున్నది రాజ్యలక్ష్మీ అమ్మవారు. అందుకని నాకు ఆ ఊరి చీరే కట్టాలనిపిస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం వదలొద్దు. కుందులు చీర అంచుకు మూరెడు దూరంలో ఉండాలి. దీపం మంట తగిలితే చీర అంటుకోవచ్చు. దీపాలు వెలుగుతుండగా గదికి తాళం వేసి గుడికి వెళ్లకండి.

శుక్రవారం ఉదయం: వంట

నాలుగున్నరకు లేస్తే చాలు. తలంటుకుని, మడి బట్ట కట్టుకుని, ముందు పరమాన్నం పొయ్యి మీద పెట్టండి. నైవేద్యానికి ఎన్ని రకాలని అడుగుతారు. తొమ్మిది చేసేవాళ్లున్నారు, అయిదు చేసేవాళ్లున్నారు. ఒక్కరే చేసుకుంటుంటే పూర్ణాలు, పులిహోర, పరమాన్నం చాలు. వడపప్పు, పానకం, చలిమిడి పెద్దగా పొయ్యి పని లేనివి కాబట్టి సంఖ్య కావాలనుకుంటే అవి కలుపుకోండి. గారెలు సాయంత్రానికి వాయిదా వేసినా తప్పులేదు.

పూర్ణాలు చిట్లిపోతాయని భయపడి చాలామంది బయట కొంటున్నారు. భయం అక్కర్లేదు. గ్లాసు శనగపప్పుకు గ్లాసు బెల్లం తురుము. నానిన పప్పును వేలితో నొక్కితే మెదిగేలా, కానీ పలుకు విడిపోకుండా ఉడికించండి. నీళ్లు పూర్తిగా వంచేయండి. ఆ కట్టు పారబోయకండి, మధ్యాహ్నం చారుకు అంత రుచి ఇంకేదీ ఇవ్వదు. పప్పు మెదిపి, బెల్లం వేసి, సన్నని మంట మీద గరిటె నిలబడేదాకా దగ్గరపడనివ్వండి. ఏలకుల పొడి, చెంచా నెయ్యి వేసి దించండి. చల్లారాక నిమ్మకాయంత ఉండలు చేయండి.

పైపిండికి ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల బియ్యం, చిటికెడు ఉప్పు. ఇడ్లీ పిండి కంటే కాస్త చిక్కగా రుబ్బండి. ఉండ ముంచి తీస్తే పిండి దాన్ని పట్టుకునే ఉండాలి. పూర్ణం తడిగా ఉన్నా, పైపిండి పలుచగా ఉన్నా నూనెలో చిట్లుతుంది. ఎక్కువగా అదే కారణం. నూనె బాగా కాగాక మంట మధ్యస్థంగా పెట్టి, ఒక వాయికి అయిదారుకు మించి వేయకండి. వేసిన వెంటనే గరిటె పెట్టి కదపకండి, పైపొర గట్టిపడ్డాక తిప్పండి. వాయనంలో పెట్టడానికి కల్పం పన్నెండు అంటుంది, అవి విడిగా తీసి పెట్టుకోండి. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు, బెల్లం కొలత ప్రకారమే వేయండి.

పూజ

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. దానికి ముందే పూజ ముగించేలా ఏడున్నరకు కూర్చోండి. పొద్దున ఉద్యోగానికి వెళ్లాల్సిన వాళ్లు సాయంత్రం దీపాల వేళ చేసుకోవచ్చు. మా చెల్లెలు అలాగే చేస్తుంది, ఇల్లంతా ఆ వెలుగులో ఇంకా బాగుంటుంది.

కుంకుమ, అక్షతలు, పూలు, గంట, పంచపాత్ర, అగ్గిపెట్టె, చెయ్యి తుడుచుకునే గుడ్డ అన్నీ చేతికందేలా పెట్టుకుని కూర్చోండి. మధ్యలో లేవకూడదన్నదే ముఖ్యం. దీపం, ఆచమనం, తర్వాత సంకల్పం.

సంకల్పంలో పుస్తకం చూసి చదివేవాళ్లు ఊరి దగ్గర తడబడతారు. మనం శ్రీశైలానికి ఈశాన్యంలో ఉన్నాం కాబట్టి "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే" అని చెప్పుకోవాలి. బెజవాడ కృష్ణకు ఉత్తరపు ఒడ్డున ఉంది, అందుకని "కృష్ణాగోదావర్యోర్మధ్యప్రదేశే". ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు వైపు ఉన్నవాళ్లు "కృష్ణాకావేర్యోర్మధ్యప్రదేశే" అనాలి. ఏటి ఇవతల ఒక మాట, అవతల ఒక మాట. మా అమ్మ గుంటూరులో, నేను ఇక్కడ, ఒకే పొద్దున ఫోన్లో మాట్లాడుకుని ఎవరి సంకల్పం వాళ్లం చెప్పుకుంటాం. సంవత్సరం పేరు 2025 ఉగాది నుంచి విశ్వావసు, 2026 ఉగాది నుంచి పరాభవ. తర్వాత దక్షిణాయనం, వర్ష ఋతువు, శ్రావణ మాసం, శుక్ల పక్షం, భృగువాసరం (అంటే శుక్రవారం).

ముందు పసుపు గణపతిని పూజించి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, ఆయన్ను కొంచెం పక్కకు జరపండి. తర్వాత కలశంలోకి అమ్మవారి ఆవాహన, షోడశోపచారాలు, అంగపూజ, అష్టోత్తరం, ధూపం, దీపం, నైవేద్యం, తాంబూలం, హారతి. వరస కల్పం పుస్తకంలో ఉంటుంది, దాన్నే అనుసరించండి. ఫోన్లో వీడియో పెట్టుకుని చేసేవాళ్లకు ఒక సలహా: ఆ ఫోన్‌లో మెసేజ్‌లు, కాల్స్ మోగకుండా ముందే ఆపండి. అష్టోత్తరం మధ్యలో ఫోన్ మోగితే మనసు మళ్లీ అక్కడికి రాదు. మంత్రాలు నోరు తిరగకపోతే నూట ఎనిమిది నామాలు చాలు, నామానికో కుంకుమ చిటికెడు.

తోరపూజలో తొమ్మిది ముడులకు తొమ్మిది పేర్లు: కమల, రమ, లోకమాత, విశ్వజనని, మహాలక్ష్మి, క్షీరాబ్ధితనయ, విశ్వసాక్షిణి, చంద్రసోదరి, హరివల్లభ. పాలసముద్రంలోంచే చంద్రుడూ పుట్టాడు, లక్ష్మీ పుట్టింది, కాబట్టి ఆవిడ చంద్రుడి తోబుట్టువు. పిల్లలు పక్కన ఉంటే ఆ ముడి దగ్గర ఆగి ఈ ముక్క చెప్పండి, చందమామను ఆ తర్వాత వేరేగా చూస్తారు. పూజ అయ్యాక తోరం కుడి చేతికి కట్టించుకోండి.

ఇక కథ. అక్షతలు చేతిలో పట్టుకుని తీరిగ్గా వినండి. మగధ దేశంలో కుండినపురం అనే ఊళ్లో చారుమతి అనే ఇల్లాలు. అమ్మవారు ఆమె కలలోకే ఎందుకు వచ్చింది? చారుమతి గొప్పింటిదని కాదు. అత్తమామలకు సేవ చేస్తూ, మితంగా, ప్రియంగా మాట్లాడుతూ ఉండేదని కథ చెబుతుంది. కల వచ్చాక ఆమె ఏం చేసింది? రహస్యంగా ఉంచుకోలేదు. భర్తకు, అత్తమామలకు చెప్పింది, ఊళ్లో ఆడవాళ్లందరికీ చెప్పింది, అందరూ కలిసి చేశారు. మొదటి ప్రదక్షిణకు కాళ్లకు గజ్జెలు ఘల్లుమన్నాయి, రెండోదానికి చేతులకు కంకణాలు, మూడోదానికి ఒళ్లంతా ఆభరణాలు. అవి ఒక్క చారుమతికే కాదు, ఆమెతో కలిసి పూజ చేసిన ఆడవాళ్లందరికీ వచ్చాయి. ఆ చోటికి వచ్చినప్పుడు చదువుతున్న గొంతు కొంచెం పెంచండి.

మా ఇంట్లో కథ చదివేది మా పెద్దమ్మ. పెదనాన్న పోయిన తర్వాత ఆవిడ రెండేళ్లు శ్రావణ శుక్రవారాల్లో గదిలోంచి బయటికి రాలేదు. మూడో ఏడు నేనే వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చి పుస్తకం చేతికిచ్చాను. ఆవిడంత స్పష్టంగా చదివేవాళ్లు మాలో లేరు. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దావిడ ఉంటే వెనక కూర్చోబెట్టకండి.

పేరంటం, వాయనం

సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా అని ముందురోజే పిలవండి. పిలుపు ఫోన్లో మెసేజ్‌తో సరిపెట్టకండి. కనీసం మీ అంతస్తులో వాళ్లకైనా కుంకుమ భరిణె పట్టుకెళ్లి బొట్టు పెట్టి పిలవండి. కొత్తగా అద్దెకు దిగినావిడకు మీ పిలుపే ఆ వీధిలో మొదటి పిలుపు కావచ్చు.

సంచులు మధ్యాహ్నమే సర్దుకోండి: తమలపాకులు, వక్క, రెండు అరటిపండ్లు, పసుపు కుంకుమ పొట్లాలు, గాజులు లేదా జాకెట్ ముక్క, నీళ్లు వంచి ఆరబెట్టిన శనగలు. శనగలు తడిగా ఉంటే కవర్లో జిగురు పట్టి వాసన వస్తాయి, కాబట్టి గంటసేపు గుడ్డ మీద ఆరనివ్వండి. వచ్చినావిడకు కాళ్లకు పసుపు రాసి, గంధం పూసి, బొట్టు పెట్టి, పువ్వు ఇచ్చి, కొంగు పట్టమని వాయనం ఇవ్వండి. మొదటి వాయనం పెద్ద ముత్తయిదువకు.
"ఇస్తినమ్మ వాయనం."
"పుచ్చుకుంటినమ్మ వాయనం."
"నా వాయనం అందుకున్నదెవరు?"
"నేనే వరలక్ష్మిని."
ఆ జవాబు వచ్చాక ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టండి. ఆ నిమిషంలో ఆవిడ పక్కింటావిడ కాదు. ఇల్లు తుడిచే అమ్మాయికి, పూలమ్మే ఆవిడకు కూడా ఇదే మర్యాదతో, కూర్చోబెట్టి, పసుపు రాసి ఇవ్వండి. వంటగది గుమ్మంలో నిలబెట్టి కవరు చేతిలో పెట్టొద్దు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా దగ్గరి చుట్టం ఇల్లు మునిగింది. బీరువాలో పట్టుచీరలన్నీ బురదే. మరుసటి శ్రావణంలో ఆవిడ నన్ను వ్రతానికి పిలిచింది. బురదలోంచి తీసి తోముకున్న పాత ఇత్తడి చెంబు, పసుపు కాయ, దాని మీద కాటుక కళ్లు, ఒక కొత్త నూలు జాకెట్ ముక్క. నైవేద్యం పరమాన్నం, పులిహోర. వాయనం శనగలు, రెండు పండ్లు. ఆ చిన్న గదిలో మేం పద్దెనిమిది మందిమి పట్టక మెట్ల మీద కూడా కూర్చున్నాం. నేను చూసిన వ్రతాల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

శనివారం: ఉద్వాసన (అమ్మవారిని సాగనంపడం)

పొద్దున దీపం పెట్టి, పాలో పండో నైవేద్యం చేసి, హారతి ఇచ్చి, కలశాన్ని కొద్దిగా ఉత్తరం వైపు జరపండి. తర్వాత నగలు ముందు తీయండి, పూలలో కలిసి పోకుండా లెక్క చూసుకోండి. కలశంలో బియ్యం కొన్ని బియ్యం డబ్బాలో కలిపి, మిగిలినవి పరమాన్నం వండండి. నీళ్లు పోసి ఉంటే ఇల్లంతా చల్లి, మిగతావి తులసి కోటలో పోయండి. కొబ్బరికాయతో ఏదైనా తీపి చేసుకోవచ్చు. కొందరు కృష్ణలో వదులుతారు. ఆగస్టులో ఎగువ నుంచి వరద నీళ్లు వచ్చి ఘాట్లు మూసేస్తుంటారు కాబట్టి దానికోసం ఏటి దగ్గరికి సాహసం చేయకండి. పూలు, ఆకులు కవరుతో సహా నీళ్లలో వేయకండి. కుండీలో మట్టి కప్పితే కొన్నాళ్లకు ఎరువు అవుతాయి.

నలుగురి ఇళ్లకు వెళ్లి వస్తే మీ ఇంట్లోనూ నానిన శనగలు పోగుపడతాయి. కొన్ని తాలింపు వేసి గుగ్గిళ్లు చేయండి, కొన్ని అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బి వడలు వేయండి, మిగిలినవి ఉడికించి ఫ్రీజర్‌లో పెడితే వంకాయ కూరలోకి వస్తాయి.

చివరగా అమ్మవారి ముఖాన్ని మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేటప్పుడు ఒక కాగితం ముక్క కూడా పెట్టండి. ఎంతమంది వచ్చారు, శనగలు ఎన్ని మిగిలాయి, ఏ పూలు తక్కువపడ్డాయి, ఏ చెంబుకు ఏ సైజు కాయ పట్టిందో రాసి ఉంచండి. వచ్చే శ్రావణంలో పెట్టె తెరిస్తే ముందు అదే చేతికి వస్తుంది.